బావ పట్టుకెళ్లిన పదకొండు చొక్కాలు

బావకు మాసిన చొక్కాల పిచ్చి. అది అలాంటిలాంటి పిచ్చి కాదు. దారిన పోయే మనిషిని ఆపి, "బాగున్నారా" అన్న మాట ఇంకా నోట్లో ఉండగానే, "ఆ ఒంటి మీది చొక్కా వేసుకుని ఎన్నాళ్లయింది?" అని అడిగేవాడు. ఒక్క రోజంటే పెదవి విరిచేవాడు. నాలుగు రోజులంటే మాత్రం ఆయన మొహం లాటరీ తగిలినట్టు వెలిగిపోయేది. "అయితే విప్పి ఇటివ్వండి. ఉతక్కండి, మీకు పుణ్యముంటుంది, నీళ్లు తగలనివ్వకండి" అంటూ నడివీధిలో చెయ్యి చాపేవాడు. ఊరికి కొత్తగా వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఈ దెబ్బకు మూడు వారాల పాటు వేరే వీధి చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్లాడట.

పాతవాళ్లకు మాత్రం సంగతి తెలుసు. బావ చొక్కా అడిగాడంటే ఆ ఇంటికి కుక్కపిల్ల వస్తున్నట్టే. ఆయన అసలు పిచ్చి కుక్కలు. చొక్కా దానికి తోక.

బావ ఉన్ని గిడ్డంగిలో గుమాస్తా. కాపరులు తెచ్చే ఉన్నిని తూచడం, రాయడం ఆయన పని. ఆ ఊరి చుట్టుపక్కల తాతల కాలం నుంచి ఒక గొర్రెకుక్క జాతి ఉండేది. బూడిద రంగు జుట్టు కళ్ల మీద పడుతూ, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి, చూడటానికి నిద్రలోంచి లేచి వచ్చినట్టు ఉండేవి. పనిలో దిగితే మాత్రం రెండు వందల గొర్రెల్ని చిన్న అరుపైనా లేకుండా ఒక్క చోటికి చేర్చేవి. తర్వాత కాపరులు మోటారు సైకిళ్లు కొన్నారు. మెరిసే జుట్టున్న కొత్త రకం కుక్కల్ని తెచ్చుకున్నారు. ఒకరోజు బావ వేళ్ల మీద లెక్కపెడితే ఆ పాత జాతిలో తొమ్మిది మిగిలాయి. అందులో రెండింటికి పళ్లు లేవు. ఆ రోజు నుంచి ఆయన కాలికి బలపం కట్టుకుని తిరిగాడు.

గిడ్డంగిలో పారేసిన పాత రిజిస్టర్లలో కుక్కల వంశాలు రాసేవాడు. తన పెళ్లిరోజు ఆయనకు గుర్తుండదు గాని, ఏ కుక్క తాత ఏ కుక్కకు మేనమామో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఒకసారి పాలాయన్ని బజార్లో పట్టుకుని, "మీ వాడికి ఆ కొండకింది సంబంధం కుదరదయ్యా, ఇద్దరికీ ముత్తాత ఒక్కడే" అన్నాడు. పాలాయన బిత్తరపోయి, "మా వాడికింకా ఆరేళ్లే కదండీ" అన్నాడు. "వాడికి ఆరేళ్లేమిటి, మూడేళ్లు. నా రిజిస్టర్లో ఉంది" అని బావ కోప్పడ్డాడు. ఇంటికెళ్లాక గాని అది కుక్క సంగతని పాలాయనకు తట్టలేదు.

ఇక చొక్కా ఎందుకంటే, పిల్ల తల్లిని వదిలి వెళ్లేముందు రెండు వారాలు కొత్త యజమాని వాసన దాని చుట్టూ ఉండాలి. అలా ఉంటే కొత్త ఇంట్లో ఏడవదు. డబ్బు తీసుకోడు. కాని పని చూపించాలి. "మందలేని చోట మన కుక్క మనాదితో చస్తుంది" అనేవాడు. కాపరులకిచ్చాడు, పాలాయనకిచ్చాడు, బాతులు పెంచే ముసలమ్మకిచ్చాడు. చివరికి బడిలో పంతులమ్మకు కూడా ఇచ్చాడు.

"ఆవిడకు మందెక్కడిది బావా?" అని అడిగాడు దర్జీ.

"ముప్పై ఎనిమిది మంది రెండో తరగతి పిల్లలు. అంతకంటే చెదిరిపోయే మంద ఎక్కడైనా చూశావా?"

ఈ దర్జీ బావకు స్వయానా బావమరిది, ఆయన భార్యకు తమ్ముడు. మెట్లవీధి కింది చివర దుకాణం, పై చివర ఇల్లు, మధ్యలో యాభై రెండు మెట్లు, వాటి పక్కనే మురుగు కాలువ. ఊళ్లో ఎవరింటికి బూడిదరంగు పిల్ల వచ్చినా ఇతనికి ఆ పూట అన్నం సయించేది కాదు. పాలాయన కుక్క పాలక్యాన్ల వెనక ఠీవిగా నడిచిపోతుంటే దర్జీ కళ్లల్లో నిప్పులు పోసుకునేవాడు. పంతులమ్మ కుక్క పిల్లల్ని వరసలో నడిపించుకుని వస్తుంటే మిషన్ ఆపేసి, "ఆ వాలిన చెవి మరీ ఎక్కువ వాలింది, జాతి చెడిపోయింది" అని బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లకు చెప్పేవాడు. నిజానికి ఆ చెవి ఎంత వాలాలో అంతే వాలింది. అది చూసే అతని కడుపు మండేది.

అడగలేదా అంటే, పదకొండేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. ఏటా పిల్లలు పుట్టగానే బావ స్వయంగా దుకాణానికి వచ్చేవాడు. "చొక్కా ఇస్తావా?" అనేవాడు. దర్జీ గుండె గంతులేసేది. అయిదు రోజులు వేసుకున్న చొక్కా అప్పటికే మడిచి సిద్ధంగా ఉంచేవాడు. బావ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగుంది, ఘాటుగా ఉంది" అని మెచ్చుకుని పట్టుకెళ్లేవాడు. రెండు నెలలు గడిచేవి. పిల్లలన్నీ ఎవరెవరిళ్లకో వెళ్లిపోయేవి.

"ఏం బావా, నాకు?"

"నీకు మంద లేదుగా."

"మరి చొక్కా ఎందుకు పట్టుకెళ్లావు?"

"పనికొస్తుంది" అనేవాడు బావ, నిమ్మకు నీరెత్తినట్టు.

ఒక ఏడాది దర్జీ గుండీల డబ్బా ఒలకబోసి చూపించి, "ఇవి రోజూ చెదిరిపోతుంటాయి బావా, కూడగట్టలేక చస్తున్నాను" అన్నాడు. బావ వంగి రెండు గుండీలు ఏరిచ్చి వెళ్లిపోయాడు. ఇంకో ఏడాది దర్జీ భార్యే అడిగింది, "అన్నయ్యా, ఈయన గోల పడలేకపోతున్నాను, ఒక కుంటిదో గుడ్డిదో ఇచ్చెయ్యి" అని. "మా జాతిలో కుంటివీ గుడ్డివీ లేవమ్మా" అని బావ ఆవిడ మీద అలిగాడు. మొత్తానికి దర్జీకి చొక్కా పోయేది, కుక్క రాదు. పదకొండేళ్లలో పదకొండు చొక్కాలు అలా పోయాయి.

దర్జీ ఈ పట్టు పట్టడానికి వెనక ఒక సంగతి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. పన్నెండేళ్ల క్రితం ఒక సాయంత్రం మెట్ల మీద పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అరటితొక్క మీద కాలు జారిందని అందరితో చెప్పాడు. అక్కడ తొక్కా లేదు, తోలూ లేదు. పొద్దుగూకితే అతనికి కళ్లు కనపడటం మానేశాయి. పగలు సూదిబెజ్జంలోకి దారం ఒక్క గురిలో ఎక్కించే మనిషి, దీపాలు పెట్టే వేళకు మెట్టుకూ కాలువకూ తేడా తెలియని మనిషి అయిపోయాడు. చూపు మందగించిన దర్జీకి ఎవరైనా పెళ్లిబట్టలిస్తారా? అందుకే నోరు కుట్టుకున్నాడు. ఒక కుక్క ఉంటే దాని పక్కన చెయ్యేసుకుని మెట్లెక్కిపోవచ్చు, ఎవరికీ అనుమానం రాదు. ఇదీ అతని ఎత్తు. ఆ ఒక్క కుక్కా ఇవ్వని బావ మీద అతనికి పీకలదాకా ఉంది.

పుండు మీద కారం చల్లినట్టు, ఊరి కుక్కలు అతన్ని వదిలేవి కావు. దుకాణం తలుపు దించి మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఏదో ఒక కుక్క వచ్చేది. ఒకనాడు బాతుల ముసలమ్మది, ఒకనాడు పంతులమ్మది. కాలువ ఉన్న వైపే నడుస్తూ, మలుపు దగ్గర మోకాలికి మూతి ఆనించి నెడుతూ, గుమ్మం దాకా వచ్చి తిరిగి చూడకుండా వెళ్లిపోయేది. సంచిలో బిస్కెట్లు ఉంటాయని వస్తున్నాయనుకుని దర్జీ బిస్కెట్లు మానేశాడు. అయినా వచ్చేవి. "ఎవరి ఇంట్లోనో తిని, ఎవరి మాటో విని, నన్ను ఉడికించడానికి రోజూ తయారు" అని సణుక్కుంటూ మెట్లెక్కేవాడు. పదకొండేళ్లలో మళ్లీ ఒక్కసారి కూడా పడలేదు. ఆ సంగతి అతనికి తోచలేదు. కుళ్లులో ఉన్న మనిషికి లెక్కలు అందవు.

ఇలా ఉండగా, ఆ జాతికి గుర్తింపు ఇవ్వమని బావ ఏళ్ల తరబడి పెట్టిన అర్జీలు ఫలించాయి. జాతుల నమోదు కార్యాలయం నుంచి అధికారిణి వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. ఇప్పుడు కుక్కలు అరవై నాలుగు. ఆరు కుక్కలు కలిసి నూట నలభై గొర్రెల్ని గడ్డి వాలు మీది నుంచి గిడ్డంగి మైదానంలో కట్టిన దొడ్డిలోకి తోలాలి. ఆవిడకు నచ్చితే ఆ జాతి పేరు ప్రభుత్వ రిజిస్టర్లోకి ఎక్కుతుంది. నచ్చకపోతే "కలగాపులగం వీధికుక్కలు" అని రాసేస్తుంది. మళ్లీ పరీక్ష పదేళ్ల తర్వాతే. పదేళ్లు తను ఉంటాడో లేదోనని బావకు బెంగ. వారం రోజులు ఆయన ఎవరినీ చొక్కా అడగలేదు. దాంతో ఊరు హడలిపోయింది.

పరీక్ష సాయంత్రం ఊరంతా మైదానంలో ఉంది. దర్జీ అక్క, అదే బావ భార్య, బెంచీ మీద చోటు పట్టి పిలిచినా అతను వెళ్లలేదు. దూరంగా గోడ దగ్గర నిలబడ్డాడు. కాపరి ఈల వేశాడు. ఆరు కుక్కలు ఆరు వైపుల నుంచి నేలకు కరుచుకుని కదిలాయి. గొర్రెలు వాలు మీది నుంచి ఒలికిన పాలలా జారుకుంటూ వచ్చాయి. ఒక్కటి చెదరలేదు. జనం చప్పట్లు కొట్టారు. అధికారిణి కలం తీసింది. బావ కళ్లజోడు తుడుచుకున్నాడు.

దర్జీకి అది చూసి ఒళ్లు మండిపోయింది. అరవై నాలుగు కుక్కలు, అందరికీ ఇచ్చాడు, ఊరంతా నెత్తిన పెట్టుకుంటోంది, తనకు మాత్రం రెండు గుండీలు. మబ్బు పట్టి వెలుగు తగ్గుతోంది కూడా. ఇక ఇక్కడ ఉండటం అనవసరమని గోడ పట్టుకుని గేటు వైపు విసవిసా నడిచాడు.

పది అడుగులు వేశాడో లేదో, రెండు కుక్కలు మందను వదిలి బాణాల్లా వచ్చాయి. ఒకటి గేటుకు అడ్డంగా పడుకుని అతని కళ్లలోకి చూసింది. దర్జీ పక్కకు తిరిగాడు. రెండోది అక్కడ ఉంది. "పో, పో" అన్నాడు. అవి పోలేదు. వెనక్కి అడుగు వేస్తే ముందుకు నెట్టాయి, కుడికి వేస్తే ఎడమకు నెట్టాయి. కరవలేదు, అరవలేదు. మోకాళ్ల వెనక మూతులు ఆనించి, మైదానం మీదుగా, ఊరంతా చూస్తుండగా, మెడలో టేపుతో సహా దర్జీని తీసుకొచ్చి గొర్రెల మధ్య దొడ్డిలోకి తోశాయి. కాపరి అలవాటు కొద్దీ తలుపు గడియ వేసేశాడు.

జనం పడీ పడీ నవ్వారు. ఒక పొట్టేలు దర్జీ టేపు నమలడం మొదలుపెట్టింది. అధికారిణి మాత్రం నవ్వలేదు.

"మంద మీది నుంచి దృష్టి మళ్లింది. మనుషుల మీదికి పోయే కుక్కను పని కుక్కగా నమోదు చెయ్యడం కుదరదండీ" అంది.

బావ ఏదో చెప్పబోయి దొడ్డిలో ఉన్న దర్జీ వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా, "తప్పు నాదండీ. నా పెంపకంలో లోపం. కుక్కల్ని ఏమీ అనకుండా అలాగే రాయండి" అన్నాడు.

దర్జీకి తల కొట్టేసినట్టయింది. దొడ్డి తలుపు తీయించుకుని, గోడలు తడుముకుంటూ బావ ఇంటి వెనక ఉన్న కుక్కల పాకకు వెళ్లాడు. బావ అప్పటికే అక్కడ బల్ల మీద కూలబడి ఉన్నాడు. అక్క గుమ్మంలో లాంతరు పట్టుకుని నిలబడింది.

"నా చొక్కాలు నాకిచ్చెయ్యి. పదకొండూ ఇవ్వాలి. ఇక నీకూ నాకూ చుట్టరికం లేదు" అన్నాడు దర్జీ.

బావ కుక్కపిల్లలున్న మూల వైపు చెయ్యి చూపించాడు. అక్క లాంతరు అటు తిప్పింది. ఆ ఏటి పిల్లలు నాలుగు ఒక బొంత మీద ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. దర్జీ వంగి బొంతను తడిమాడు. సగం గొర్రె ఉన్ని, సగం బట్ట. నీలి గళ్లు, గోధుమరంగు చారలు, తను స్వయంగా వేసిన గుండీ కాజాలు. పదకొండు చొక్కాలూ ముక్కలై ఉన్నితో కలిసి ఉన్నాయి.

"ఈ కుట్టు ఎవరేశారు?" అన్నాడు ముందు.

"నేనేరా" అంది అక్క.

"అందుకే ఇంత ఘోరంగా ఉంది."

"అక్కడ చూడు" అన్నాడు బావ. గోడకు పిల్లల గిన్నెల పైన నాలుగు చొక్కాలు వేలాడుతున్నాయి. వాటిలో ఈమధ్యే మేకలు కొన్న బ్యాంకు ఉద్యోగిది ఒకటి, పాలాయన తమ్ముడిది ఒకటి. "యజమాని చొక్కా తిండి దగ్గర. ఒంటి కింద మాత్రం మంద ఉన్ని. పుట్టినప్పటి నుంచి ఏ వాసన మీద పడుకుంటాయో దాన్ని జన్మంతా వదలవు. చెదరనివ్వవు, పడనివ్వవు, ఇంటికి చేర్చందే నిద్రపోవు."

దర్జీకి విషయం మెల్లగా ఎక్కింది. "అంటే నేను వాటికి..."

"మంద."

"గొర్రెనా బావా?"

"పొట్టేలనుకో. గౌరవంగా ఉంటుంది."

దర్జీ బల్ల మీద బావ పక్కనే కూర్చున్నాడు. పంతులమ్మ కుక్క, ముసలమ్మ కుక్క, కాలువ వైపు నడక, మలుపు దగ్గర మూతి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "నా కళ్ల సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు పడ్డ రోజే. కట్టు కట్టింది నేనే కదా. అరటితొక్క అన్నావు. ఆ నెలలో ఊళ్లో అరటిపండే రాలేదురా. నీకొక కుక్కను కట్టబెడితే దర్జీకి కుక్కెందుకని ఊరు అడుగుతుంది. అదీగాక పగలంతా మిషన్ కింద పడుకుంటే ఆ కుక్క నెలకే మనాది పడుతుంది. ఒక్క కుక్కకు నువ్వు యజమానివైతే, అది జబ్బుపడ్డ రోజు నీ గతేమిటి? అదే అన్నిటికీ మందవైతే రోజుకొకటి వస్తుంది."

"మరి ఆ అధికారిణితో ఈ ముక్క చెప్పొచ్చుగా."

"చెబితే నీ చూపు సంగతి చెప్పాలి. నీ కొట్టు మూతపడుతుంది" అన్నాడు బావ. ఆ మాట చెప్పి రిజిస్టరు తెరిచి, చూడకుండానే మూసేశాడు.

దర్జీకి బావ చెయ్యి పట్టుకోవాలనిపించింది. కృతజ్ఞతే అది. అయితే దాని వెనకే పాత కడుపుమంట కూడా లేచింది. ఊరి కుక్కల్ని కాపాడింది ఈయనే. తనను పదకొండేళ్లు మెట్లెక్కించింది ఈయనే. ఇప్పుడు జీవితమంతా చేసిన పనిని మంటగలుపుకుని తన పరువు నిలబెట్టేదీ ఈయనేనా? మంచితనంలో కూడా పైచేయి ఈయనదే అయితే ఇక తను బతికి ఏం లాభం?

"అక్కా, లాంతరు పట్టుకుని నాతో రా" అన్నాడు.

గిడ్డంగి ఆఫీసులో అధికారిణి నివేదిక రాస్తోంది. ఉన్ని తూకం వేసేవాళ్లు, పాలాయన, పంతులమ్మ, దర్జీ భార్య, అందరూ దిగాలుగా నిలబడి ఉన్నారు. దర్జీ అందరి ముందూ నిలబడి, "అమ్మా, కలం ఆపండి. ఆ కుక్కలు తప్పు చెయ్యలేదు. మందలోంచి ఒకటి తప్పిపోతుంటే తిరిగి తోలాయి. ఆ ఒకటి నేను. దీపాలు పెట్టే వేళ దాటితే నాకు కళ్లు కనపడవు. ఈ సంగతి మా ఆవిడకు కూడా తెలియదు" అన్నాడు.

"ఎందుకు తెలియదూ?" అంది భార్య. "పదకొండేళ్లుగా మంచినీళ్ల గ్లాసు ఒకే చోట ఎందుకు పెడుతున్నాననుకున్నారు?"

"మాకూ తెలుసు లెండి" అంది పంతులమ్మ. "సాయంత్రం మీరు కుట్టిన గుండీలు ఇంటికెళ్లి మేమే సరిచేసుకుంటాం. పగటి కుట్టు మాత్రం మీకు మీరే సాటి."

దర్జీ మొహం చూసి అధికారిణి మొదటిసారి నవ్వింది. తర్వాత కలం జేబులో పెట్టుకుని, "నాకు చూపించండి" అంది.

మెట్ల దగ్గరికి అందరూ వెళ్లారు. అక్క లాంతరు ఆర్పింది. దర్జీ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఎవరూ ఈల వెయ్యలేదు. కాలువ పక్క నుంచి ముసలమ్మ కుక్క వచ్చి అతని ఎడమ మోకాలికి భుజం ఆనించింది. ఇరవయ్యో మెట్టు మీద ఎవరో కూరగాయల బుట్ట వదిలేశారు. కుక్క అడ్డంగా నిలబడి, అతన్ని కుడికి జరిపి, బుట్ట దాటించి, మళ్లీ ఎడమకు వచ్చింది. యాభై రెండు మెట్లూ అధికారిణి లెక్కపెట్టుకుంటూ వెనక నడిచింది. గుమ్మం రాగానే కుక్క ఎవరి వైపూ చూడకుండా బాతుల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ జాతి రిజిస్టర్లోకి ఎక్కింది. ఆ పేజీ నకలు ఇప్పుడు గిడ్డంగి గోడ మీద అద్దం కట్టి ఉంది. అందులో "పరీక్షకు పెట్టిన మంద" అన్న చోట అధికారిణి గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: గొర్రెలు నూట నలభై, దర్జీ ఒకరు.

మరుసటి ఏడాది పిల్లలు పుట్టగానే బావ దుకాణానికి వచ్చాడు. దర్జీ తొమ్మిది రోజులు వేసుకున్న చొక్కా విప్పి ఇచ్చాడు. బావ వాసన చూసి కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. అది అభిమానమో ఘాటో తెలియలేదు.

ఆయన అటు వెళ్లాడో లేదో పక్క కొట్లోని చెప్పులు కుట్టేవాడు వచ్చాడు. చంకలో మాసిన చొక్కా ఉంది. "ఏమయ్యా, నాకూ మోకాళ్లు నొప్పులు. సాయంత్రం ఎక్కలేకపోతున్నాను. మీ బావతో చెప్పి నన్ను కూడా ఆ మందలో వేయించకూడదూ?" అన్నాడు.

దర్జీ ఆ చొక్కాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఊళ్లో కుక్కలన్నీ రేపటి నుంచి ఈయన పక్కన కూడా నడుస్తాయన్న ఊహకే కడుపులో పాత మంట భగ్గుమంది.

"ఎన్ని రోజులు వేశావు?"

"నాలుగు."

"చాలదు" అన్నాడు దర్జీ, చొక్కా తిరిగిచ్చేస్తూ. "అయినా ప్రస్తుతం మందలో ఖాళీ లేదు."